చూపు మందగించిన బాలుడు – నాదం చేరదీసిన ఇల్లు

ఫిడేలు నాయుడుగారు అంటే తెలుగునాట సంగీతం తెలిసిన ప్రతి ఇంటా ద్వారం వెంకటస్వామినాయుడుగారే స్ఫురిస్తారు. ఆయన పేరు వినగానే విజయనగరం మనసులో మెదలుతుంది. కాని ఆ మహావిద్వాంసుడు జన్మించింది మన బెంగళూరులోనేనన్న సంగతి, కాటన్‌పేటలో తెలుగు చదువుకుంటున్న మన పిల్లలలో చాలామందికి తెలియదు. పాఠశాల ప్లాటినం జూబిలీ జరుపుకొంటున్న ఈ శుభవేళ ఆయన బాల్యాన్ని స్మరించుకోవడం సముచితమని భావిస్తున్నాను.

వెంకటస్వామినాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన, దీపావళి పర్వదినాన జన్మించారు. ఆనాటి బెంగళూరు పెద్ద సైనిక స్థావరం. తండ్రి వెంకటరాయుడుగారు సైన్యంలో అధికారి. తరువాత బాలుడు పెరిగింది సముద్రతీరాన, విశాఖపట్టణంలో. ఆ ఇంట సంగీతానికి పెద్దపీట ఉండేది. అన్నగారైన వెంకటకృష్ణయ్యగారు ఫిడేలు వాయించేవారు. తమ్మునికి తొలి గురువు ఆయనే.

బాల్యంలోనే వెంకటస్వామికి కంటిచూపు మందగించింది. అందువల్ల బడిచదువు ముందుకు సాగలేదు. నల్లబల్లమీది అక్షరాలు కానరాని బాలునికి ఆ రోజులలో బడి చేయగల సహాయం ఏపాటిది? అక్కడితో అతని విద్య ముగిసిందని ఇంటివారు నిరాశ చెంది ఉంటే, దక్షిణదేశం ఒక మహావిద్వాంసుని కోల్పోయేది. వారు అలా అనుకోలేదు. అన్నగారు తమ్ముని చేతికి ఫిడేలు అందించారు.

ఆ వాద్యం ఎటువంటిదో ఇక్కడ కొంత చెప్పుకోవాలి. వీణకు ఇరవై నాలుగు మెట్లుంటాయి. ఏ స్వరం ఎక్కడ పలుకుతుందో కంటికి కనబడుతుంది. నాలుగు తంత్రుల ఫిడేలుకు మెట్లు లేవు. వేలు వెంట్రుకవాసి తొలగినా స్వరం తప్పుతుంది. ఆ తప్పును పట్టవలసినది చెవి, దిద్దవలసినది వేలు. గురువు వాయించగా వినడం, విన్నదానిని మళ్లీ మళ్లీ పలికించడం, ఇదే అందులోని విద్యాభ్యాసం. పుస్తకం దూరమైన బాలునికి ఆ మార్గం తెరుచుకున్నది. ఏళ్ల తరబడి సాగిన సాధనతో ఆ చెవి పదునెక్కింది, వేలు నిలకడ నేర్చింది.

1919లో విజయనగరం మహారాజా వారు సంగీత కళాశాల నెలకొల్పారు. ఆదిభట్ల నారాయణదాసుగారు దాని తొలి అధ్యక్షులు. అప్పటికి నాయుడుగారికి ఇరవై ఆరవ ఏడు నడుస్తోంది. ఇంకా నేర్చుకోవాలన్న కోరికతో, విద్యార్థిగా చేరడానికే అక్కడికి వెళ్లారు. ఆయన వాదనం విన్న దాసుగారు ఆయనను శిష్యునిగా గాక ఆచార్యునిగా నియమించారు. బడిచదువు సాగని యువకునికి కళాశాలలో గురుపీఠం లభించిన ఘట్టమిది. 1936లో దాసుగారి తరువాత ఆ కళాశాలకు ఆయనే అధ్యక్షులయ్యారు.

గాయకుని పక్కన సహకార వాద్యంగా ఉండిన ఫిడేలుకు స్వతంత్రంగా కచేరీ నడిపే గౌరవాన్ని సంపాదించి పెట్టిన వారిలో ఆయన అగ్రగణ్యులు. 1938లో వేలూరులో ఆయన తొలిసారిగా ఒంటరి కచేరీ చేశారు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు, 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ ఆయనను వరించాయి. 1952లో భారతదేశానికి వచ్చిన విశ్వవిఖ్యాత వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనుహిన్ ఆయన వాదనం విని ముగ్ధుడయ్యారు. 1964 నవంబరు 25న నాయుడుగారు నాదంలో లీనమయ్యారు.

ఈ బిరుదులన్నిటికంటె నా మనసును పట్టి నిలిపేది ఆ మొదటి ఘట్టమే. తరగతి గదిలో వెనుకబడిన పిల్లవానిని చూసినప్పుడు వీనికి చదువు రాదని తీర్పు చెప్పడం మనకు సులభం. వానికి అక్షరాలు కనబడుతున్నాయా అని అడగడం మన మొదటి ధర్మం. కనబడకపోతే వైద్యుని వద్దకు పంపుదాము. ముందు వరుసలో కూర్చోబెడదాము. అంతటితో ఆగక, వాని చెవి, చేయి, గొంతు ఏమి చేయగలవో కనిపెట్టి చూద్దాము. ఆ పని బడి ఒక్కటే చేయలేదు. నాయుడుగారి విషయంలో ఒక అన్నగారు ఆ బాధ్యతను తలకెత్తుకున్నారు. తల్లిదండ్రులారా, సహోపాధ్యాయులారా, ఈ బడిలో చదివి పెద్దవారైన పూర్వవిద్యార్థులారా! మన ఇళ్లలోను, మన తరగతులలోను అటువంటి అన్నగారి కోసం ఎదురుచూసే పిల్లలు ఈనాటికీ ఉన్నారు. వారిని గుర్తించడమే ఈ ఊరిలో పుట్టిన ఆ మహనీయునికి మనం అర్పించగల నివాళి.