దామోదర్ వరదలకు దారి వెదకిన శాస్త్రవేత్త మేఘనాద్ సాహా

1943 జూలైలో బర్ద్వాన్ సమీపాన అమీర్‌పూర్ వద్ద దామోదర్ నది ఎడమ గట్టు తెగిపోయింది. పొలాలను, పల్లెలను ముంచెత్తిన ప్రవాహం గ్రాండ్ ట్రంక్ రోడ్డునూ, కలకత్తాను ఉత్తర భారతంతో కలిపే ప్రధాన రైలుమార్గాన్నీ ఛేదించింది. రెండో ప్రపంచ యుద్ధం తూర్పు సరిహద్దులకు చేరువైన కాలమది. బెంగాల్ పల్లెల్లో కరవు అప్పటికే మనుషులను బలిగొంటున్నది. ధాన్యం కదలవలసిన దారులు, సైన్యానికి సరుకులు చేరవలసిన దారులు ఒక్కసారిగా మూతపడ్డాయి.

ఈ విపత్తుపై విచారణ జరపడానికి బెంగాల్ ప్రభుత్వం బర్ద్వాన్ మహారాజా అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. ఆ సంఘ సభ్యులలో నక్షత్రాల వెలుగును విశ్లేషించి ప్రపంచ ఖ్యాతి గడించిన భౌతిక శాస్త్రవేత్త ఆచార్య మేఘనాద్ సాహా ఒకరు. ఖగోళ భౌతిక శాస్త్రానికీ నది గట్లకూ ఏమి సంబంధమని ఆశ్చర్యపడినవారు లేకపోలేదు. ఆయన జీవితాన్ని పరిశీలిస్తే మాత్రం వరద నీటితో పరిచయం నక్షత్రాలతో పరిచయం కన్నా ముందునాటిదని బోధపడుతుంది.

వాననీటి నడుమ బాల్యం

సాహా 1893 అక్టోబరు 6న ఢాకా జిల్లాలోని శేవరాతలి గ్రామంలో జన్మించారు. ఆ ప్రాంతం నేడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి జగన్నాథ్ సాహా చిన్న దుకాణదారు. ఎనిమిది మంది సంతానంలో మేఘనాద్ ఐదవవాడు. ఉరుములతో కూడిన కుంభవృష్టి కురిసిన రాత్రి పుట్టినందున ఆ పేరు పెట్టారని చెప్పుకునేవారు. వర్షాకాలంలో ఊళ్లు దీవులుగా మారి, పడవ లేనిదే ఇల్లు దాటలేని నేల అది.

ప్రాథమిక విద్య ముగిసిన పిదప కుమారుణ్ణి దుకాణంలో కూర్చోబెట్టాలని తండ్రి తలచారు. సమీప గ్రామంలోని అనంత కుమార్ దాస్ అనే వైద్యుడు తన ఇంట భోజన వసతులు కల్పించడంతో చదువు సాగింది. 1905లో ఢాకా కాలేజియేట్ పాఠశాలలో చేరిన సాహా, బెంగాల్ విభజనకు నిరసనగా గవర్నర్ రాకను బహిష్కరించిన విద్యార్థులలో ఉన్నందుకు ఉపకార వేతనాన్నీ, ఆ పాఠశాలలో స్థానాన్నీ కోల్పోయారు. మరో పాఠశాలలో చదివి, 1911లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలకు చేరుకున్నారు. జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ అక్కడ గురువులు. సత్యేంద్రనాథ్ బోస్ సహాధ్యాయి. నిమ్న కులస్థుడన్న కారణంగా వసతి గృహంలో ఎదురైన అవమానాలను కూడా ఆయన దిగమింగవలసి వచ్చింది.

1920లో వెలువడిన ఉష్ణ అయనీకరణ సూత్రం సాహాను అంతర్జాతీయ శాస్త్రవేత్తల శ్రేణిలో నిలిపింది. నక్షత్ర కాంతిలో కనిపించే రేఖలను బట్టి దాని ఉష్ణోగ్రతను లెక్కగట్టే మార్గం ఆ సూత్రంతో సుగమమైంది. 1927లో లండన్ రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకున్నది.

ఉత్తర బెంగాల్ నేర్పిన పాఠం

1922 సెప్టెంబరులో ఉత్తర బెంగాల్‌ను భారీ వరదలు ముంచెత్తాయి. ప్రఫుల్ల చంద్ర రాయ్ నాయకత్వాన సహాయ సంఘం ఏర్పడింది. యువకుడైన సుభాష్ చంద్ర బోస్ క్షేత్రస్థాయి బాధ్యతలు వహించగా, సాహా ఆచార్య రాయ్‌కి తోడ్పడి ప్రచార కార్యాన్ని నిర్వహించారు. వాన అధికంగా కురవడం ఒక్కటే ఆ వరదకు హేతువు కాదు. నీరు సహజంగా పారే దిశకు అడ్డంగా ఎత్తైన రైలు కట్టలు లేచాయి. వాటి కింద చాలినన్ని తూములు లేవు. దిగిపోవలసిన నీరు రోజుల తరబడి నిలిచిపోయింది. వరద దైవికం మాత్రమే కాదని, అందులో మానవ నిర్మాణాల పాత్ర ఉన్నదని సాహాకు అప్పుడే దృఢమైన అభిప్రాయం ఏర్పడింది.

1934లో భారత సైన్స్ కాంగ్రెస్ అధ్యక్ష స్థానం నుంచి ఆయన నదీ పరిశోధన ప్రయోగశాల అవసరాన్ని నొక్కిచెప్పారు. 1935లో స్థాపించిన ‘సైన్స్ అండ్ కల్చర్’ పత్రికలో నదులపై వరుసగా వ్యాసాలు ప్రకటించారు. వానల కొలతలు, ప్రవాహాల లెక్కలు, ఒండ్రు పరిమాణం తెలియకుండా గట్లు కట్టడం చీకటిలో బాణం వేయడమే అవుతుందని ఆయన వాదన. 1943 నాటికి బెంగాల్‌లో నదీ పరిశోధన సంస్థ రూపుదాల్చడం వెనుక ఈ ఆందోళన ప్రభావం ఉంది.

ఒక నది, ఇద్దరు యజమానులు

దామోదర్ ఛోటా నాగపూర్ పీఠభూమిలో పుట్టి, 540 కిలోమీటర్లకు పైగా ప్రవహించి, కలకత్తాకు దిగువన హుగ్లీలో కలుస్తుంది. ఎగువ పరీవాహకం నాడు బీహార్‌లో, నేడు ఝార్ఖండ్‌లో ఉంది. దిగువ మైదానం బెంగాల్‌ది. కొండలపై అడవి తరిగిన నేలమీద నాలుగు నెలల్లో కురిసిన వాన కొద్ది గంటల్లోనే నదిలోకి దూకుతుంది. మైదానానికి చేరేసరికి నది పాత్ర ఇరుకవుతుంది. 1913లోనూ, 1935లోనూ సుమారు 6.5 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చింది. దిగువ నది భరించగలిగినది 2.5 లక్షల క్యూసెక్కులు మాత్రమే. 1943 ప్రవాహం సుమారు 3.5 లక్షల క్యూసెక్కులు. పూర్వపు వరదలకన్నా చిన్నదైనా, గట్టు తెగిన చోటును బట్టి నష్టం మిక్కుటమైంది.

గట్ల చరిత్ర కూడా ఇందులో ఇమిడి ఉంది. 19వ శతాబ్ది మధ్యలో రైలుమార్గాన్నీ, బర్ద్వాన్ పట్టణాన్నీ రక్షించడానికి ఎడమ గట్టును పటిష్ఠం చేసి, కుడి గట్టులో కొంత భాగాన్ని ప్రభుత్వమే తొలగించింది. కుడివైపు రైతులు ఏటా ముంపును భరించారు. ఎడమవైపు పొలాలు ఒండ్రుకు దూరమయ్యాయి, పాత కాలువలు పూడి మలేరియాకు నెలవయ్యాయి. ఒక ఒడ్డును కాపాడాలంటే మరో ఒడ్డును బలిచేయక తప్పని ఈ ఏర్పాటును సాహా అంగీకరించలేదు. నీటిని మైదానంలో ఆపబూనడం వృథా అని, ఎగువనే నిలవరించాలని, అందుకు రెండు రాష్ట్రాలకూ చెందిన ఉమ్మడి సంస్థ కావాలని విచారణ సంఘం సూచించింది. అమెరికాలోని టెనెస్సీ లోయ సంస్థను సంఘం ఆదర్శంగా చూపింది.

1944లో సాహా తన సహచరునితో కలిసి దామోదర్ లోయ ప్రణాళికను పత్రికలో సవివరంగా ప్రకటించారు. అదే సంవత్సరం చివర విదేశీ పర్యటనకు వెళ్లిన భారత శాస్త్రవేత్తల బృందంలో సభ్యునిగా టెనెస్సీ పనులను పరిశీలించారు. వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖను నిర్వహించిన డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ 1945లో కేంద్ర, బెంగాల్, బీహార్ ప్రతినిధులను సమావేశపరచి పథకాన్ని ముందుకు నడిపారు. టెనెస్సీ నుంచి వచ్చిన ఇంజినీరు వూర్డూయిన్ 1945 ఆగస్టులో ప్రాథమిక నివేదిక సమర్పించారు. 10 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినా దిగువకు 2.5 లక్షలే వదిలేలా ఎనిమిది ఆనకట్టలను అందులో ప్రతిపాదించారు.

స్వతంత్ర భారత పార్లమెంటరీ వ్యవస్థ తొలినాళ్లలోనే చట్టం వెలువడింది. 1948 జూలై 7న దామోదర్ లోయ కార్పొరేషన్ ఆవిర్భవించింది. వరద నియంత్రణ వ్యయంలో 14 కోట్ల రూపాయల వరకు కేంద్రం, పశ్చిమ బెంగాల్ సమానంగా భరించాలని, ఆపై ఖర్చు పశ్చిమ బెంగాల్ వహించాలని చట్టం నిర్దేశించింది. విద్యుత్తుపై పెట్టుబడిని మూడు ప్రభుత్వాలు పంచుకున్నాయి. నది విషయంలో లాభనష్టాల పద్దును రాష్ట్రాలు కలిసి రాసుకోవడం దేశంలో అది తొలి ప్రయత్నం.

నెరవేరినదీ, నెరవేరనిదీ

1952లో సాహా కలకత్తా నుంచి స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు ఎన్నికయ్యారు. తూర్పు బెంగాల్ శరణార్థుల సమస్యలు, పరిశ్రమలు, విద్య, అణుశక్తి, నదీ పథకాల అమలు తీరు ఆయన ప్రసంగాలకు విషయాలయ్యాయి. పంచాంగ సంస్కరణ సంఘానికి అధ్యక్షత వహించి 1955లో నివేదిక అందజేశారు. 1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్రణాళికా సంఘ కార్యాలయానికి వెళ్తూ మార్గమధ్యంలో గుండెపోటుతో కుప్పకూలి కన్నుమూశారు. అప్పటికి తిలైయా, కోనార్ ఆనకట్టలు మాత్రమే పూర్తయ్యాయి. మైథాన్ 1957లో, పంచేత్ 1959లో ప్రారంభమయ్యాయి. తొలి ప్రతిపాదనలోని ఎనిమిదింటిలో కార్పొరేషన్ నిర్మించినవి ఈ నాలుగే. మైథాన్, పంచేత్ జలాశయాల్లో పూర్తి మట్టం వరకు నీరు నిలపడానికి కావలసిన భూసేకరణ కూడా జరగలేదు. అందువల్ల వరదను ఆపే సామర్థ్యం మొదటి లెక్కలకన్నా తగ్గింది.

ఎగువన ముంపుకు గురైన పల్లెలు, ముఖ్యంగా సంతాల్ కుటుంబాలు మూల్యం చెల్లించాయి. దిగువ జిల్లాలు రక్షణ పొందాయి. త్యాగం ఒకచోట, ఫలం మరొకచోట అన్న మనస్తాపం ఎగువ ప్రాంతాన నేటికీ చల్లారలేదు.

నదీ ముఖద్వారం సంగతి మరింత జటిలం. వర్షాకాలపు ఉధృతి హుగ్లీలో పేరుకున్న ఇసుకను సముద్రంలోకి నెట్టేది. ఆ ఉధృతిని ఎగువన బంధిస్తే పోటుతో వచ్చే ఒండ్రు వెనుదిరిగే దారి లేక నదిలోనే నిలిచిపోతుందని, కలకత్తా రేవు దెబ్బతింటుందని ఇంజినీరు కపిల్ భట్టాచార్య 1950లలోనే హెచ్చరించారు. నాడు ఆ మాట రుచించినవారు తక్కువ. అనంతర కాలంలో దిగువ దామోదర్ పాత్ర పూడిపోయింది. ప్రవాహంలో అధిక భాగం ముండేశ్వరి మీదుగా రూప్‌నారాయణ్‌లోకి మళ్లింది. గంగా జలాలను హుగ్లీకి మళ్లించి రేవును కాపాడే ఉద్దేశంతో ఫరక్కా బ్యారేజి 1975లో పనిచేయనారంభించింది. అది బంగ్లాదేశ్‌తో వివాదానికి దారితీయగా, 1996లో 30 ఏళ్ల కాలపరిమితితో ఒప్పందం కుదిరింది. రాష్ట్రాల నడుమ మొదలైన నీటి లెక్క ఆ విధంగా దేశాల నడుమకు చేరింది.

1978లో ఆనకట్టలకు దిగువన కురిసిన కుంభవృష్టి పశ్చిమ బెంగాల్‌ను ముంచినప్పుడు, జలాశయాలు మాత్రమే సర్వరోగ నివారిణి కాజాలవని రుజువైంది. 2024 సెప్టెంబరులో మైథాన్, పంచేత్ నుంచి విడుదలైన నీటిపై పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తీవ్ర నిరసన తెలిపి, కార్పొరేషన్ నుంచి తన ప్రతినిధిని ఉపసంహరించుకున్నది. 1948లో ఒకే బల్ల చుట్టూ కూర్చున్న ప్రభుత్వాల మధ్య నమ్మకం ఎంత సడలిందో ఆ సంఘటన చాటింది.

సాహా లెక్కల్లో ముఖద్వారానికి దక్కవలసినంత ప్రాధాన్యం దక్కలేదన్న విమర్శను తోసిపుచ్చలేము. అయినప్పటికీ కొండమీది వాన, మైదానంలోని గట్టు, ప్రజల ఆరోగ్యం ఒకే సమస్యకు భిన్న ముఖాలని ముందుగా ఎలుగెత్తినవారిలో ఆయన ఒకరు. కొలతలు బహిరంగంగా ఉండాలని, నది సరిహద్దులను గుర్తించదు గనుక దాన్ని ఏలే సంస్థ కూడా సరిహద్దులకు అతీతంగా ఉండాలని ఆయన కోరుకున్నారు. కొండనుంచి సముద్రం దాకా ఆ లెక్కను పూర్తిచేసే బాధ్యత తరువాతి తరాలపై మిగిలింది.