ఆశ్వయుజ పున్నమి – కొమురం భీమ్

వడ్లమూడి, తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు ఉండే మన యానాది, ఎరుకల, సుగాలీ యువతకు కొమురం భీమ్ పేరు కొత్త కాదు. తలపాగా, తుపాకీతో ఉన్న ఆయన బొమ్మను ఫ్లెక్సీల మీద చూస్తూనే ఉంటాం. అయితే గోండులు ఆయన వర్ధంతిని ఇంగ్లీషు తేదీ ప్రకారం కాక తిథి ప్రకారం జరుపుకుంటారన్న సంగతి మనలో చాలామందికి తెలియకపోవచ్చు.

భీమ్ 1901 ప్రాంతంలో ఆసిఫాబాద్ దగ్గరి సంకేపల్లిలో పుట్టారు. అప్పుడది నిజాం రాజ్యం. పోడు కొట్టినా, పశువులను మేపినా, కట్టెలు తెచ్చుకున్నా అటవీ సిబ్బంది అడ్డుపడేవారు, పన్నులు గుంజేవారు. వాళ్లతో జరిగిన గొడవలో తండ్రి చనిపోయాక కుటుంబం సుర్దాపూర్ చేరింది. అక్కడ వీళ్లు సాగు చేసిన పొలం తనదంటూ సిద్దిఖీ అనే అతను పంట మీదికి వచ్చాడు. ఆ ఘర్షణలో అతను భీమ్ చేతిలో చనిపోయాడు. భీమ్ చాందా వైపు వెళ్లిపోయి, తర్వాత అస్సాం తేయాకు తోటల్లో కొన్నేళ్లు కూలి చేశారు. చదవడం, రాయడం ఊరు విడిచిన ఆ కాలంలోనే నేర్చుకున్నారు.

తిరిగొచ్చి సోంబాయిని పెళ్లాడారు. బాబేఝరీ, జోడేఘాట్ చుట్టుపక్కల 12 గూడేలను ఒక్కతాటి మీదికి తెచ్చారు. నీరు, అడవి, భూమి మీద హక్కు అక్కడ బతికేవాళ్లదేనని నిలబడ్డారు. రాయబారాలు ఫలించలేదు. 1940లో జోడేఘాట్ గుట్టల్లో పోలీసు కాల్పుల్లో నేలకొరిగారు.

ఆ తేదీ పుస్తకాల్లో ఒక్కోచోట ఒక్కోలా కనిపిస్తుంది. గోండులకు మాత్రం అది ఆశ్వయుజ పున్నమి. కాగితం చూడనవసరం లేదు, ఆకాశం చూస్తే చాలు. ఆ రోజుల్లోనే దండారీ కాలం మొదలవుతుంది. నెమలి ఈకల టోపీలతో గుస్సాడీలు ఒక గూడెం నుంచి ఇంకో గూడేనికి చుట్టాలుగా వెళ్తారు. దీపావళి దాకా ఆటపాటలు, పెళ్లి మాటలు సాగుతాయి. 12 గూడేలు ఎలా ఒక్కటయ్యాయో దండారీని చూస్తే కొంత అర్థమవుతుంది. ఏటేటా రాకపోకలున్నవాళ్లే కష్టంలో కలిసి నిలబడగలరు.

తిరుగుబాటు తర్వాత గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్ అనే పండితుణ్ణి పంపింది. ఆయన చొరవతో భూముల పట్టాలు, బడులు వచ్చాయి. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో జరిగే నాగోబా జాతరలో, అధికారులు గిరిజనుల గోడు వినే దర్బారు కూడా 1940లలో మొదలైంది. అది నేటికీ సాగుతోంది. అలా భీమ్ పోరాటం పండుగల్లోనూ నిలిచింది.

మనకూ ఇలాంటి చరిత్ర ఉంది. బాపట్ల దగ్గరి స్టువర్టుపురంలో ఎరుకల కుటుంబాలను నేరస్థ తెగల చట్టం కింద సెటిల్మెంటులో ఉంచారు. ఆ చట్టం 1952లో రద్దయింది. ఆ రోజులు చూసినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. వాళ్లతో పాటే ఆ కబుర్లూ పోతాయి. అందుకే ఈ సంక్రాంతికి ఇంటికొచ్చిన తాతలను, అమ్మమ్మలను కూర్చోబెట్టి అడుగుదాం. సుగాలీ తండాల్లో తీజ్ బుట్టల్లో గోధుమ మొలకెత్తే తొమ్మిది రోజులూ అడుగుదాం. విన్నది రాసుకుందాం. వచ్చే ఏడు అదే పండుగనాడు మన చిన్నవాళ్లకు చెబుదాం.