కాటన్ దొరది ఏ ఊరు?

హనుమాన్ జంక్షన్‌లో నూజివీడు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే ఒక తమాషా చూడొచ్చు. జంక్షన్‌కి దిగువనంతా కాలవలు, వరిచేలు. బస్సు ఎగువకి వచ్చేకొద్దీ నేల ఎర్రబడుతుంది, వరి పోయి మామిడి తోటలు మొదలవుతాయి. మాది ఆ తోటల వైపు. అంటే మేం మెట్టవాళ్ళం. తాతయ్యకి నాలుగెకరాల తోట ఉంది. బంగినపల్లి ఎక్కువ, గట్టు వెంబడి చిన్నరసాలు, ఓ మూల జ్యూస్ ఫ్యాక్టరీకి వేసే కలెక్టరు కాయ చెట్లు.

కిందటేడు వేసవిలో మా బోరు ఎండిపోయింది. అది మూడోది. ఇంకో బోరు వేయించాలంటే మళ్ళీ అప్పు. తోట అమ్మేద్దామని నాన్న, నేను పోయాక అమ్ముకోమని తాతయ్య. ఇంట్లో ఈ గొడవ నడిచినప్పుడల్లా తాతయ్య నోట ఒక మాట వస్తుంది, కాటన్ దొర మనవైపు రాలేదని. దగ్గరి చుట్టం ఎవరో పిలిచినా పెళ్ళికి రానట్టు చెప్తాడు ఆ మాట. సివిల్ చదువుతున్నాను కాబట్టి ఆయన ఎందుకు రాలేదో కనుక్కుందామని చదవడం మొదలుపెట్టాను. అలా మొదలైందే ఈ వ్యాసం.

అన్నిటికన్నా ముందు నన్ను ఆశ్చర్యపరిచింది ఆయన ఉద్యోగం. విగ్రహాల్లో గుర్రం మీద కనిపిస్తే ఏదో దొర దర్జా అనుకునేవాణ్ణి. కాదు, ఆర్థర్ కాటన్ అచ్చమైన మిలిటరీ మనిషి. 1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. పదకొండు మంది అన్నదమ్ముల్లో పదోవాడు. పదిహేనేళ్ళకే ఈస్టిండియా కంపెనీ వాళ్ళ ఆడిస్కోంబ్ సైనిక పాఠశాలలో చేరాడు. అక్కణ్ణుంచి మద్రాసు ఇంజనీర్స్ దళంలోకి వచ్చి, 1821లో మద్రాసులో ఓడ దిగాడు. అప్పటికి పద్దెనిమిదేళ్ళు. అంటే మనం ఫస్టియర్‌లో హాస్టల్ మెస్ గురించి ఫిర్యాదు చేసే వయసన్నమాట. 1824లో మొదలైన బర్మా యుద్ధానికి కూడా వెళ్ళాడు. చివరికి జనరల్ హోదా దాకా ఎదిగాడు.

అయితే ఆయన్ని మార్చింది యుద్ధం కాదు, కావేరి. తంజావూరు వైపు నీళ్ళు తగ్గిపోతుంటే కొల్లిడం పాయ మీద ఆనకట్ట కట్టే పని ఆయనకి పడింది. 1836లో ఆ పని మొదలైంది. అక్కడే ఆయన చోళుల కాలపు కల్లణైని దగ్గరగా చూశాడు. కింద రాతినేల లేకపోయినా, వట్టి ఇసుక మీద వదులు రాళ్ళు పోసి అంత పెద్ద కట్టడాన్ని నిలబెట్టిన పాతకాలపు పనివాళ్ళ తెలివి ఆయనకి పాఠమైంది. ఇసుక మీద పునాది ఎలా వేయాలో ఈ దేశం వాళ్ళ దగ్గరే నేర్చుకున్నానని దాచుకోకుండా ఒప్పుకున్నాడు. మన ఫౌండేషన్స్ పుస్తకంలో ఆ పేజీ ఉంటే బాగుండేది.

ఇక గోదావరి. ఈ రోజు కోనసీమని చూసేవాళ్ళు నమ్మరు గానీ, అప్పట్లో ఆ జిల్లా ఖాళీ అయిపోతోంది. 1832-33లో నందన కరువు, 1839లో కోరంగిని ఊడ్చేసిన తుపాను. 1821లో 7 లక్షల 38 వేలున్న జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకి పడిపోయింది. ఊళ్ళని ఆనుకునే అంత పెద్ద నది పారుతోంది, దాని పక్కనే జనం తిండిలేక చచ్చిపోతున్నారు. వరదొస్తే మునక, వెళ్ళిపోతే ఎండు. ఇది చూసిన కాటన్ 1844లో ఆనకట్ట కావాలని రాశాడు. కంపెనీ వాళ్ళకి దయ కన్నా లెక్క ముఖ్యం. శిస్తు ఎంత పెరుగుతుందో చూపించాకే 1846లో ఒప్పుకున్నారు. ఈ సంగతి మనం మర్చిపోకూడదు. ఆ నీళ్ళు మన పొలాలు తడిపాయి, కంపెనీ ఖజానా కూడా నింపాయి.

1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలైంది. నది మధ్య లంకల్ని ఆసరాగా తీసుకుని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టారు. నాలుగూ కలిపి దాదాపు 12 వేల అడుగుల పొడవు. ఎత్తు మాత్రం పన్నెండు అడుగుల లెక్కే. నదిని ఆపేయడం ఆయన ఉద్దేశం కాదు. నీటిమట్టాన్ని కాస్త పైకి లేపితే చాలు, కాలవల్లోకి అదే పారుతుంది. ఇసుకలో బావులు దించి పునాదులు వేశారు. ధవళేశ్వరం కొండ రాయి తేవడానికి పట్టాలు వేసి బళ్ళు నడిపారు. అడిగినంతమంది ఇంజనీర్లని పైవాళ్ళు ఇవ్వలేదు. వేలమంది కూలీల్ని కూడగట్టడంలో, వాళ్ళకి నచ్చజెప్పి పని నడిపించడంలో వీణం వీరన్న కాటన్‌కి కుడిభుజంగా నిలిచాడు. వీరన్న పేరైనా మనకి మిగిలింది. రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు.

ఆయన సంసారం కూడా ధవళేశ్వరంలోనే. ఆ ఎండలకి ఆరోగ్యం పాడై 1848లో పని కెప్టెన్ ఓర్‌కి అప్పగించి ఆస్ట్రేలియా వెళ్ళాల్సి వచ్చింది. నాకు బాగా నచ్చింది ఈ మలుపే. నలభై అయిదేళ్ళ మిలిటరీ ఆఫీసరు, ఒళ్ళు బాగోలేదు, ఇంకో మంచి చోటికి బదిలీ అడిగితే ఎవరూ తప్పుపట్టరు. ఆయన మాత్రం 1850లో మళ్ళీ గోదావరి దగ్గరికే వచ్చాడు. 1852లో ఆనకట్ట పూర్తయింది. తర్వాత గన్నవరం దగ్గర నదీపాయని దాటించి కోనసీమకి నీళ్ళు తీసుకెళ్ళే 49 కమానుల అక్విడక్టు వచ్చింది. అదే ఓర్ చేతుల మీదుగా 1855కల్లా బెజవాడలో కృష్ణ ఆనకట్ట కూడా లేచింది. మా జంక్షన్ దిగువన పారే కాలవ నీళ్ళకి మూలం అదే.

ఇప్పుడు తాతయ్య ప్రశ్నకి వద్దాం. ఆయన నూజివీడుకి ఎందుకు రాలేదు?

రాలేడు కాబట్టి. ఆయన కాలవల్లో మోటారు లేదు. నీళ్ళు వాటి బరువుతో అవే పారాలి. ఆనకట్ట దగ్గర నీటిమట్టం ఎంతుందో, అంతకన్నా కొద్దికొద్దిగా దిగుతూ నేల వాలు వెంబడే కాలవ పోవాలి. ఆ గీతకి కింద ఉన్న ఊరికి నీళ్ళు, పైన ఉన్న ఊరికి ఆకాశం. మాది గీతకి పైన. పక్షపాతం ఏమీ లేదు, లెవెల్ అంతే. ఈ సంగతి కాగితం మీద గీసి చూపిస్తే తాతయ్య చాలాసేపు చూశాడు. అప్పటిదాకా ఆయన మనసులో అదొక అవమానం కాబోలు.

కాటన్‌కి 1861లో సర్ బిరుదు వచ్చింది. ఉద్యోగం వదిలి ఇంగ్లండు వెళ్ళిపోయాడు. కానీ మనిషి అక్కడ, మనసు ఇక్కడ. రైళ్ళ కన్నా కాలవల మీద డబ్బు పెట్టమని ఏళ్ళ తరబడి వాదించాడు. అన్నీ గెలవలేదు. ఆయన నమ్మి ముందుకు తోసిన కర్నూలు-కడప కాలవ కట్టిన కంపెనీకి నష్టాలు తెచ్చింది. 1876-78 నాటి మహా కరువు తర్వాత, 1878లో పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని, డెబ్బై అయిదేళ్ళ వయసులో గట్టి ప్రశ్నలు ఎదుర్కొన్నాడు. ఆయన లెక్కలన్నీ సరైనవని నేను అనను. తన ఆశని లెక్కలో కలిపేసుకునే అలవాటు ఆయనకి ఉన్నట్టుంది.

ఆఖరి రోజులు డోర్కింగ్ అనే ఊళ్ళో గడిచాయి. అక్కడ తన పెరట్లో నేలని లోతుగా తవ్వి, మట్టి గుల్ల చేసి, గోధుమ పండించి చూసేవాడు. నేల లోతుగా తవ్వితే పంట ఎంత పెరుగుతుందన్నది ఆ ముసలి వయసులో ఆయన పట్టుకున్న ప్రయోగం. 1899 జూలై 24న, తొంభై ఆరేళ్ళ వయసులో అక్కడే పోయాడు.

పుట్టిందీ పోయిందీ ఇంగ్లండులో. కానీ ఆయనది ఏ ఊరని గోదావరి వాళ్ళని అడగండి. నదిలో స్నానం చేస్తూ సంకల్పంలో ఆయన పేరు తలుచుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 1982లో పూర్తయిన కొత్త బ్యారేజీకి ఆయన పేరే పెట్టుకున్నాం. ధవళేశ్వరం తప్ప ఇంకో జవాబు వస్తుందని నేననుకోను. మిలిటరీ వాళ్ళకి ఊరనేది ఆర్డరు కాగితం మీద మారిపోతూ ఉంటుంది. ఆయన మాత్రం ఒక ఊరిని పట్టుకుని, ఒళ్ళు సహకరించకపోయినా తిరిగొచ్చి, పని పూర్తయ్యేదాకా వదల్లేదు.

నాకు ఆనకట్ట కన్నా ఆ పెరటి తవ్వకమే ఎక్కువ గుర్తుండిపోయింది. దసరా సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు తాపీమేస్త్రి దగ్గర నీళ్ళ గొట్టం అడిగి తెచ్చాను. రెండు చివర్లా నీటిమట్టం చూసుకుంటూ తోటలో ఒకే లెవెల్లో ముగ్గు గీతలు వేశాం. నాన్న, నేను, ఇద్దరు కూలీలు కలిసి ఆ గీతల వెంట నాలుగు కందకాలు తవ్వాం. తాతయ్య గట్టు మీద కుర్చీ వేసుకుని, గీత ఎక్కడ వంకరపోయిందో చెప్తూ కూర్చున్నాడు. ఆ వారంలోనే ఒక వాన పడింది. ఎప్పుడూ రోడ్డు మీదికి పారిపోయే ఎర్రనీళ్ళు ఆ రాత్రి కందకాల్లోనే ఆగి, పొద్దునకి ఇంకిపోయాయి.

బోరు ఇంకా పలకలేదు. అంత తొందరగా పలుకుతుందని నేనూ అనుకోలేదు. తోట అమ్మకం సంగతి మాత్రం నాన్న వచ్చే ఏటికి వాయిదా వేశాడు. ఈసారి పూత బాగానే ఉంది.