సరళాదేవీ చౌధురాణి

అనేక కంఠములు ఒక్కటియై పాడునపుడు ఆ పాటను సేకరించి, వరుస కూర్చి, పాడువారికి నేర్పినవారి పేరు వినువారికి సాధారణముగ తెలియదు. వందేమాతరమనిన బంకించంద్రుడును, జనగణమన యనిన రవీంద్రుడును స్మరణకు వత్తురు. సరళాదేవిని తలచువారు అరుదు.

ఆమె 1872 సెప్టెంబరు 9వ తేదీన కలకత్తాలో జన్మించెను. తల్లి స్వర్ణకుమారీదేవి ప్రసిద్ధ నవలారచయిత్రి, రవీంద్రుని అక్కగారు. తండ్రి జానకీనాథ ఘోషాల్ కాంగ్రెసు తొలినాటి కార్యకర్త. సరళాదేవి 1890లో బెథూన్ కళాశాలనుండి పట్టము పొందెను. మన సంగీతమున రాగము ఒకే ధారగ సాగును. పాశ్చాత్యుల బృందగానమున భిన్నస్వరములు ఏకకాలమున కలసి పలుకును. బాల్యముననే పియానో నభ్యసించిన సరళాదేవికి ఈ రెండు మార్గములును తెలియును. చిన్ననాడే మేనమామ పాటనొకదానిని పియానోకు అనువుగ మలచి ఆయన మెప్పు పొందెను.

పాటలను వెదకి తెచ్చుట ఆమెకు వ్యసనము వంటిది. పడవవాండ్ర పదములు, బాఉలుల గీతములు విని నేర్చి రవీంద్రునికి వినిపించెడిది. కొంతకాలము మైసూరు మహారాణీ బాలికా పాఠశాలలో ఉపాధ్యాయినిగ పనిచేసెను. సంపన్నగృహమున పుట్టిన యువతి జీతమునకై అంతదూర మేగుట ఆ రోజులలో పెద్ద వింత! దక్షిణదేశమునుండి ఆమె తెచ్చిన వరుసలపై రవీంద్రుడు గీతములు రచించెను. ‘ఆనందలోకే’ వానిలో నొకటి. దక్షిణాది గానసభలలో తెలుగు కృతుల స్థానమెట్టిదో మనకు వేరుగ చెప్పనక్కరలేదు. 1900లో నూరు పాటలకు స్వరలిపి కూర్చి ‘శతగాన్’ అను గ్రంథమును ప్రకటించెను.

వందేమాతరమున మొదటి చరణములకు వరుస కట్టినవాడు రవీంద్రుడు. తక్కిన భాగమునకు ఆయన కోరికపై ఈమె వరుస కూర్చెను. 1905లో గోఖలే అధ్యక్షతన కాశీలో జరిగిన కాంగ్రెసు మహాసభలో ఆ గీతమును పాడెను. బంకించంద్రుడు వంగజనులను లెక్కించి చెప్పిన ఏడుకోట్లు ముప్పదికోట్లుగ మారినది ఆమె నోటనే యందురు. ఒక్క సంఖ్యతో వంగగీతము భారతగీతమయ్యెను.

అంతకు పూర్వమే, 1901 కలకత్తా మహాసభలో, ఆమె రచించిన ‘నమో హిందుస్థాన్’ గీతమును వివిధ ప్రాంతములవారు బృందముగ పాడిరి. దాని పల్లవిలో రాష్ట్రముల పేర్లును మతముల పేర్లును వరుసగ వచ్చును. తెలుగువారు అందు మద్రాసు పేరుననే యుండిరి. ఆంధ్రోద్యమము ఇంకను పుట్టలేదు గదా! మరి పదేండ్లకు, 1911 డిసెంబరు 27న, ఆ నగరముననే జనగణమన తొలిసారి సభలో వినబడెను. నాడు పాఠశాల బాలబాలికల బృందమును నడపినది సరళాదేవియే యని చెప్పుదురు. పిల్లలచేత అట్టి క్రొత్తపాటను మహాసభలో తప్పక పాడించుట సామాన్యమైన పనికాదు.

1905లో లాహోరు వాస్తవ్యుడగు రామభజ దత్త చౌధురి నామె వివాహమాడెను. 1910లో భారత స్త్రీ మహామండలమును స్థాపించెను. భర్త గతించిన పిమ్మట కలకత్తాకు మరలివచ్చి, బాలికలకొక పాఠశాలను నెలకొల్పెను. చరిత్రకారులు ఆమె రాజకీయములనే విశేషముగ వ్రాసిరి, పాట వెనుకబడెను.

ఆమె 1945 ఆగస్టు 18వ తేదీన కలకత్తాలో కన్నుమూసెను. 1950 జనవరి 24న రాజ్యాంగసభలో జనగణమన జాతీయగీతమని, వందేమాతరమునకు తత్సమాన గౌరవమని ప్రకటింపబడెను.