మెట్రిక్ రెండుసార్లు తప్పిన భీమవరం కుర్రవాడు

పదమూడేళ్ళ వయసులో ఇల్లు విడిచి పారిపోయాడు. మెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పాడు. ఆ కుర్రవాడే తర్వాత లోకానికి ప్రాణదాతలైన మందులు అందించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. తల్లి వెంకమ్మ. సంసారం పెద్దది, రాబడి చిన్నది. కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మితే బోలెడు డబ్బు వస్తుందని కుర్రవాడికి ఆశ పుట్టింది. ఎవరికీ చెప్పకుండా బయలుదేరాడు. తల్లి వెనక్కి రప్పించి మళ్ళీ బడికి పంపింది.

రాజమండ్రి చదువు సవ్యంగా సాగలేదు. ఇంట్లో జబ్బులు, చావులు కుర్రవాణ్ణి కుంగదీశాయి. రెండుసార్లు పరీక్ష తప్పినా వెంకమ్మ పట్టు వదల్లేదు. కొడుకును మద్రాసు పంపింది. అక్కడి హిందూ హైస్కూలు నుంచి మూడోసారి పరీక్షకు కూర్చుని సుబ్బారావు గట్టెక్కాడు.

సన్యాసమా? వైద్యమా?

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో మనసు సన్యాసంవైపు మళ్ళింది. రామకృష్ణ మిషన్‌లో చేరాలనుకున్నాడు. తల్లి ససేమిరా ఒప్పుకోలేదు. వైద్యం చదివితే రోగులకు సేవ చేయవచ్చునని మిషన్ పెద్దలు నచ్చజెప్పారు. ఆ మాట మన్నించి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. స్నేహితులు, తర్వాత పిల్లనిచ్చిన కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకు ఆదుకున్నారు.

ఇంతలో గ్రహణి జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు కొద్దిరోజుల తేడాలో కన్నుమూశారు. అదే జబ్బు సుబ్బారావుకూ సోకింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నాడు. రోగాల మూలం కనిపెట్టాలన్న పట్టుదల అప్పటినుంచి పెరిగింది.

గాంధీజీ పిలుపు విని ఆపరేషన్ గదిలోనూ ఖద్దరు ధరించాడు. శస్త్రచికిత్స చెప్పే ఆంగ్లేయ ఆచార్యునికి ఆగ్రహం వచ్చింది. రాతపరీక్షలు బాగా రాసినా పెద్ద డిగ్రీ దక్కలేదు, ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమూ రాలేదు. లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధిస్తూ పరిశోధనకు దారి వెతుక్కున్నాడు.

బోస్టన్‌లో రాత్రి కొలువు

కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాట ఇచ్చింది. మామగారు మరికొంత సొమ్ము కూడబెట్టారు. భార్య శేషగిరిని ఇక్కడే ఉంచి సుబ్బారావు అమెరికా వెళ్ళారు. బోస్టన్‌లో పగలు హార్వర్డులో చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగులకు పరిచర్యచేసే చిన్న కొలువు.

రక్తంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని ఫిస్క్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి 1925లో ప్రకటించారు. అది నేటికీ వారిద్దరి పేరుతోనే పిలువబడుతోంది. తర్వాత కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అనే పదార్థాలను ఆ ఇద్దరూ గుర్తించారు. నాగలి పట్టినా, మూట ఎత్తినా ఒంట్లో ఖర్చయ్యేది ఈ శక్తే. 1930లో డాక్టరేట్ లభించింది. అయినా హార్వర్డులో స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరి పరిశోధన విభాగానికి సారథ్యం వహించారు.

ఊరూరా ఆయన మందులు

1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ములను బలిగొన్న గ్రహణి జబ్బుకు అది మందైంది. గర్భిణులకు ఆరోగ్య కేంద్రాల్లో ఇచ్చే ఐరన్ మాత్రల్లో ఉండేదీ అదే. 1947లో బోదవ్యాధికి హెట్రజాన్ వెలువడింది. 2004 నుంచి మన దేశంలో ఇంటింటికీ తిరిగి మింగించిన డి.ఇ.సి. మాత్ర ఇదే. పిల్లల రక్తకాన్సర్‌కు అమినోప్టెరిన్, పలు అంటువ్యాధులకు ఆరియోమైసిన్ కూడా ఆయన సారథ్యంలో వచ్చినవే.

1948 ఆగస్టులో న్యూయార్కులో 53 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు. విదేశం వెళ్ళాక మళ్ళీ స్వదేశం చూడలేదు. శేషగిరి నిరీక్షణ ఫలించలేదు.

మెట్రిక్ తప్పిన నాడే ఆ కుర్రవాణ్ణి పనికిరానివాడని తీసిపారేసి ఉంటే ఈ మందుల చరిత్ర వేరుగా ఉండేది. తప్పటడుగు వేసినప్పుడు తల్లి వెనక్కి తెచ్చింది. దారి తోచనప్పుడు పెద్దలు వివరించి చెప్పారు. మూడోసారి కూర్చుని చదివింది మాత్రం కుర్రవాడే. పరీక్ష తప్పిన పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ గుర్తుంచుకోదగిన సంగతి ఇది.