చెరువు నడిమి పట్నం, దాని ఆఖరి రాజు

మనం పప్పుల వేసుకునే టమాటకు ఆ పేరు నవాత్ భాషకెళ్లి వచ్చింది. మన చేన్లల్ల పండే మక్కలు, మిరపకాయలు కూడ ఆ భాష మాట్లాడినోళ్ల దిక్కు నేల నుంచే ప్రపంచమంతా పాకినయి. వాళ్లు కట్టుకున్న పెద్ద పట్నం తెనోచ్‌తిత్లాన్. ఇయ్యాల అది మెక్సికో సిటీ కింద మట్టిల ఉన్నది. ఆ పట్నాన్ని ఆఖరికి కాపాడుకుంట కొట్లాడిన రాజు క్వావ్‌తెమోక్. గద్దె ఎక్కేనాటికి ఆయనకు పాతికేండ్లు అటో ఇటో.

గుప్పెడుమంది స్పెయినోళ్లు తుపాకులు, గుర్రాలు పట్టుకొని వచ్చి అంత పెద్ద రాజ్యాన్ని కూలగొట్టిండ్రని మనకు వినబడే కథ. అది గెలిచినోళ్లు జెప్పుకున్న ముచ్చట. క్వావ్‌తెమోక్ బతుకు చూస్తే అసలు సంగతి వేరే ఉంటది.

ఆయన పుట్టక ముందు నుంచి మొదలుపెట్టాలె. అజ్టెక్‌లని మనం పిలిచేటోళ్లు తమను తాము మెషీకాలనుకున్నరు. ఉత్తరం నుంచి తిరుక్కుంట వచ్చినోళ్లు. మంచి నేలలన్నీ అప్పటికే వేరేటోళ్ల చేతుల ఉన్నయి. దొరికింది టెస్కోకో చెరువు నడుమ ఒక బురద దీవి. నాగజెముడు మీద గద్ద వాలిన చోట ఆగుమని దేవుడు జెప్పిండని వాళ్ల నమ్మకం. ఆ గద్దే ఇయ్యాల మెక్సికో జెండా మీద ఉన్నది. 1325ల పట్నం మొదలైందని లెక్క.

నేల లేనోళ్లు నేలను తయారు చేసుకున్నరు. లోతు తక్కువున్న నీళ్లల్ల గుంజలు పాతి, దడి కట్టి, చెరువు అడుగు మట్టి, నాచు తోడిపోసి మడులు లేపిండ్రు. మట్టి కొట్టుకపోకుండ అంచుల పొంటి చెట్లు నాటిండ్రు. వీటిని చినాంపాలంటరు. నడుమ కాలువలు, కాలువల్ల పడవలు. ఏడాదికి రెండు మూడు పంటలు తీసిండ్రు. చపుల్తెపెక్ గుట్ట ఊటల నుంచి మంచినీళ్లు పట్నానికి రావాలని రెండు పాయల కాలువ కట్టిండ్రు. ఒకటి కడుగుతుంటే ఇంకోటి పారేది. ఉప్పునీళ్లు, మంచినీళ్లు కలవకుండ చెరువుల పొడుగాటి కట్ట పోసిండ్రు. స్పెయినోళ్లు వచ్చేనాటికి ఈ పట్నంల రెండు లక్షల మంది దాకా ఉన్నరని చానమంది చరిత్రకారుల అంచనా.

కష్టం చేసి కట్టిన పట్నమే. కాకపోతే ఒక్క చినాంపాల పంటతోనే అంత పెద్దగ కాలేదు.

మొదట్ల మెషీకాలు అస్కపొత్సాల్కో అనే రాజ్యానికి కప్పం కట్టిండ్రు, వాళ్ల కోసం యుద్ధాలు చేసిండ్రు. 1428ల టెస్కోకో, త్లకోపాన్ రాజ్యాలతోని కలిసి ఆ దొరతనాన్ని కూలగొట్టిండ్రు. అణిగిమణిగి ఉన్నోళ్లు లేచి నిలబడ్డరు, మంచిదే. గెలిచినంక మాత్రం పాత దొర కుర్చీల వీళ్లు కూసున్నరు. ఊర్లకు ఊర్లు గెలిచి పత్తి బట్టలు, మక్కలు, కోకో గింజలు, పక్షి ఈకలు కప్పంగ గుంజిండ్రు. యుద్ధంల దొరికినోళ్లను గుడి మెట్లెక్కించి బలిచ్చిండ్రు. పాత చరిత్ర పుస్తకాలను సుత కాలబెట్టించిండ్రు. తూర్పున త్లాస్కాలా లొంగకుంటే దాని చుట్టూ తొవ్వలు మూసేసిండ్రు. అక్కడి జనం ఏండ్లకేండ్లు ఉప్పు లేకుండ తిన్నరు.

ఈ రాజ్యాన్ని మస్తు దూరం పెంచింది అవీత్సోత్. ఆయన కొడుకే క్వావ్‌తెమోక్. తల్లి దిక్కు వాళ్లది త్లతెలోల్కో. అది అదే దీవి మీది జంట పట్నం, పెద్ద సంత ఉన్న చోటు. 1473ల దాన్ని కూడ తెనోచ్‌తిత్లాన్ గెలిచి లోబరుచుకున్నది. అంటే గెలిచినోళ్ల రక్తం, ఓడినోళ్ల రక్తం రెండూ ఈ పిలగాని ఒంట్ల ఉన్నయి. 1502ల తండ్రి పోయేనాటికి ఇంకా చిన్నోడే. పేరుకు అర్థం కిందికి దూకే గద్ద. పెద్దయినంక త్లతెలోల్కోకు నాయకుడైండు.

1519ల, ఇక్కడ హంపిల కృష్ణదేవరాయలు ఏలుతున్న రోజులల్ల, కోర్తెస్ అనేటోడు సుమారు 500 మంది సిపాయిలతోని మెక్సికో ఒడ్డుకు దిగిండు. ఆయనకు నోరైంది మలింత్సిన్. బానిసగ చేతులు మారి కోర్తెస్‌కు కానుకగ వచ్చిన ఆడిపిల్ల. ఆమెను ద్రోహి అన్నోళ్లు మస్తుమంది. తనను అంగట్ల సరుకు లెక్క అమ్ముకున్న లోకానికి ఆమె ఏం బాకీ ఉన్నదో వాళ్లు జెప్పరు. త్లాస్కాలా మొదట కోర్తెస్‌తోని కొట్లాడింది, తర్వాత చేతులు కలిపింది. ఉప్పు లేని తిండి అంత జల్ది మరుస్తరా?

1519 నవంబర్ 8న కోర్తెస్ పట్నంల అడుగుపెట్టిండు. మొక్తెసూమా రాజు అతిథిగ చేర్చుకున్నడు, కొన్నొద్దులకే తన పట్నంల తనే బందీ అయిండు. 1520 మే నెలల పండుగకు ఆడుతున్న జనాన్ని గుడి ఆకిట్లనే స్పెయిన్ సిపాయిలు నరికిండ్రు. పట్నం తిరగబడ్డది. మొక్తెసూమా చచ్చిపోయిండు. జూన్ 30 రాత్రి స్పెయినోళ్లు బంగారం మూటలు మోసుకుంట పారిపోతుంటే వందలమందిని కట్టల మీదనే చంపిండ్రు.

గెలిచినమనుకునే లోపట మసూచి వచ్చింది. ఆ నేల ఎన్నడూ చూడని రోగం, స్పెయిన్ ఓడలెక్కి వచ్చింది. ఇండ్లకు ఇండ్లు పండుకున్నయి, నీళ్లు పోసేటోళ్లు లేకుండ పోయిండ్రు. కొత్త రాజు క్విత్లావాక్ సుత మూడు నెలలు నిండకుండనే పోయిండు. అప్పుడు గద్దె క్వావ్‌తెమోక్ మీదికి వచ్చింది.

చుట్టూ రాజ్యాలకు కబురుపెట్టిండ్రు, కప్పం మాఫ్ జేస్తమన్నరు. చానమంది కదలలేదు. ఒకప్పటి జోడీ రాజ్యం టెస్కోకోల పెద్ద వర్గమే కోర్తెస్ దిక్కు పోయింది. 1521 మే నెలాఖరుల పట్నాన్ని చుట్టుముట్టినోళ్లల్ల స్పెయినోళ్లు వెయ్యిమంది కూడ లేరు. వాళ్ల వెనక నిలబడ్డది త్లాస్కాలా, టెస్కోకో, ఇంకా ఎన్నో ఊర్ల వేలకు వేల జనం. చెరువుల దిగిన 13 పెద్ద పడవలను త్లాస్కాలాలనే చేసి, విప్పి, కూలీల భుజాల మీద గుట్టలు దాటించిండ్రు.

ముందుగాల చపుల్తెపెక్ కాలువను తెగ్గొట్టిండ్రు. పడవలతోని తిండి తోవ మూసిండ్రు. రెండున్నర నెలలు కొట్లాట నడిచింది. పట్టుబడ్డ స్పెయినోళ్లను మెషీకాలు గుడి మీద బలిచ్చిండ్రు. ఆఖరికి జనం బల్లులు, చెట్ల బెరడు తిన్నరు, ఉప్పునీళ్లు తాగిండ్రు. ఇండ్లు ఒక్కోటి కూలగొట్టి, ఆ మట్టితోనే కాలువలు పూడ్చుకుంట శత్రువు ముందుకొచ్చిండు. క్వావ్‌తెమోక్ ఆఖరిగ నిలబడ్డది తల్లి దిక్కు త్లతెలోల్కోలనే. ఆగస్టు 13న పడవల దొరికిండు. కోర్తెస్ నడుముకున్న బాకు చూపెట్టి, దానితోనే తనను చంపుమన్నడని ఆ దాడి చేసినోళ్లే రాసిండ్రు.

కోర్తెస్ చంపలేదు, మర్యాద చేస్తనన్నడు. అనుకున్నంత బంగారం దొరకకపోయేసరికి క్వావ్‌తెమోక్ కాళ్లకు నూనె పూసి కాల్పించిండు. మూడేండ్లు బందీగ ఉంచి, హోండురాస్ దిక్కు పోతూ వెంట తోలుకపోయిండు, వెనక ఉంచితే జనం లేస్తరని భయం. 1525 ఫిబ్రవరిల, మాయా అడవుల దారిల, కుట్ర చేస్తున్నడని ఉరేసిండు. ఆ దండయాత్రల ఉన్న స్పెయిన్ సిపాయి బెర్నాల్ దియాస్ కూడ అది అన్యాయమనే రాసిండు.

మరి గెలుపుల పాలుపంచుకున్నోళ్లకు ఏం దక్కింది? త్లాస్కాలాకు కొన్ని రాయితీలు దొరికినయి. స్పెయిన్ రాజ్యం కోసం 1591ల వాళ్ల 400 కుటుంబాలను ఉత్తరానికి పంపి, తిరగబడే తెగల నడుమ కాపురం పెట్టించిండ్రు. రోగాలకైతే త్లాస్కాలా, తెనోచ్‌తిత్లాన్ అనే తేడానే లేదు. నూరేండ్లల్ల ఆ నేల మీది మూలవాసుల్ల ఎక్కువమంది పోయిండ్రు. గుడి రాళ్లతోని చర్చిలు లేచినయి. చెరువును తోడి ఎండబెట్టిండ్రు. ఆ ఎండిన చెరువు మీద కట్టిన మెక్సికో సిటీ, భూమి లోపలి నీళ్లు తోడుకుంట ఏటేటా కుంగుతున్నది.

1887ల అదే పట్నం నడుమ క్వావ్‌తెమోక్‌కు విగ్రహం పెట్టిండ్రు. 1978ల కరెంటు కూలీలు తవ్వుతుంటే పాత పెద్ద గుడి శిల్పం ఒకటి బయటపడ్డది. షోచిమిల్కోల చినాంపాలు ఇంకా పండుతున్నయి, నవాత్ మాట్లాడేటోళ్లు ఇంకా పదిలక్షలకు మీదనే ఉన్నరు.

క్వావ్‌తెమోక్‌ను వీరుడని మొక్కేటోళ్లను నేను తప్పుపట్ట, ఆయన నిలబడ్డ తీరు అసొంటిది. ఆయన మీద పడ్డ బరువు మాత్రం ఆయన ఒక్కని తప్పు గాదు, తండ్రి తాతలు చుట్టూ ఊర్ల మీద పెట్టిన కప్పం బరువది. దొర మీద తిరగబడి గెలిచినోళ్లు పక్కోన్ని సమానంగ చూడకపోతే, ఆపదల పిలిస్తే వాడు రాడు. పక్కోని మీది కోపంతోని బయటోని వెనక పోయినోళ్లకు సుత సొంత రాజ్యం మిగల్లేదు. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మన ఊర్లల్ల సంఘం పెట్టినా, పోరాటం చేసినా, గెలిచిన రోజునే చూసుకోవాల్సిన లెక్క ఇది. మన పక్క వాడ ఉప్పు తొవ్వను మనం మూసినమా, తెరిచినమా?