ఉదర శస్త్రచికిత్సకు బాట వేసిన బిల్రోత్

జీర్ణాశయానికి క్యాన్సర్ సోకినపుడు చెడిన భాగాన్ని కోసి తీసి, మిగిలిన భాగాన్ని ప్రేగుతో కలిపి కుట్టడం నేటి పెద్ద ఆసుపత్రులలో తరచుగా జరిగే పని. కాని 1880 చివరి నాటికి ఆ చికిత్స పొంది కోలుకొన్న రోగి ఒక్కరూ లేరు. ఆ స్థితిని మార్చిన థియొడోర్ బిల్రోత్ జీవితాన్ని ఇక్కడ క్లుప్తంగా తెలుపదలచాము.

బిల్రోత్ 1829 ఏప్రిల్ 26న బాల్టిక్ సముద్రంలోని ర్యూగెన్ దీవిలో ఒక మతాచార్యుని ఇంట జన్మించాడు. ఐదవ యేటనే తండ్రిని కోల్పోయాడు. బాలుని మనస్సు చదువు మీదకంటె పియానో మీదనే ఉండేది. పెద్దల మాట కాదనలేక వైద్యంలో చేరి, బెర్లినులో లాంగెన్‌బెక్ వద్ద శస్త్రవిద్య నేర్చి, 1860లో జ్యూరిక్‌లోను, 1867లో వియన్నాలోను ఆచార్యుడయ్యాడు. సంగీతాన్ని మాత్రం విడువలేదు. ప్రసిద్ధ సంగీతకర్త బ్రామ్స్ ఆయనకు ఆప్తమిత్రుడు.

జ్యూరిక్‌లో ఆయన చేసిన ఒక పని మాకు అన్నిటికంటె గొప్పదిగా తోస్తుంది. తన వద్దకు వచ్చిన రోగులలో కోలుకొన్నవారెందరో, మరణించినవారెందరో దాచకుండా అచ్చువేయించాడు. విజయాలను మాత్రమే చాటుకొనే కాలమది.

జీర్ణరసం కుట్లను కరిగించివేయదా అన్నది నాటి పెద్ద సందేహం. బిల్రోత్ శిష్యులు కుక్కలపై ప్రయోగాలు చేసి, కోసిన జీర్ణాశయం తిరిగి అతుకుకొంటుందని చూపారు. 1877లో ఒక రోగి జీర్ణాశయానికి పడిన రంధ్రాన్ని బిల్రోత్ స్వయంగా కుట్టి మాన్పాడు. ఈలోగా 1879లో పారిస్‌లో పెయాన్, 1880లో పోలిష్ వైద్యుడు రిడిగియెర్ జీర్ణాశయ భాగాన్ని తొలగించారు గాని రోగులు దక్కలేదు.

1881 జనవరి 29న వియన్నాలో నలుబది మూడేండ్ల స్త్రీకి శస్త్రచికిత్స జరిగింది. జీర్ణాశయం ప్రేగుతో కలిసే ద్వారం వద్ద క్యాన్సర్ పెరిగి దారి మూసుకొనిపోగా, తిన్నదంతా వాంతి అయిపోయి ఆమె చిక్కి శల్యమైంది. క్లోరోఫారం ఇచ్చి, సుమారు గంటన్నరలో గడ్డను తొలగించి, జీర్ణాశయాన్ని ఆంత్రమూలంతో కలిపి, కార్బాలిక్ ఆమ్లంలో శుద్ధిచేసిన పట్టుదారంతో సుమారు ఏబది కుట్లు వేశారు. ఆమె కోలుకొని మరల ఆహారం తినగలిగింది. నాలుగు నెలలకు వ్యాధి తిరగబెట్టి మరణించింది. నాలుగు నెలలేనా అని పెదవి విరిచేవారుండవచ్చు. ఆకలి తీరా తిన్న ఆ నెలల విలువ ఆమెకే తెలియాలి. తరువాతి ఇద్దరు రోగులు త్వరలోనే మరణించారు. ఆ సంగతి కూడ లోకానికి తెలియనిచ్చారు.

అదే ఏడు శిష్యుడు వోల్ఫ్లర్, తొలగించ వీలులేని గడ్డను వదిలి, జీర్ణాశయానికి చిన్నప్రేగును కలిపి ఆహారానికి వేరు దారి కల్పించాడు. 1885లో బిల్రోత్ రెండవ పద్ధతిని ప్రవేశపెట్టాడు: గడ్డను తీసి, ఆంత్రమూలపు కొసను మూసివేసి, జీర్ణాశయాన్ని చిన్నప్రేగు దిగువ భాగంతో కలపడం. ఈ రెండు పద్ధతులకూ ఆయన పేరే నిలిచింది. మందులు మెరుగుపడిన పిమ్మట పుండ్లకు ఇట్టి శస్త్రచికిత్స అరుదైంది గాని, క్యాన్సర్‌కు నేటికీ అవసరమే.

ఆయనలోని లోపాన్ని దాచడం కూడ మాకు తగదు. 1876లో వైద్యవిద్యపై వ్రాసిన గ్రంథంలో, తూర్పు ప్రాంతాల నుండి వచ్చిన యూదు విద్యార్థులను కించపరిచాడు. విశ్వవిద్యాలయంలో అలజడులు రేగాయి. అల్పసంఖ్యాకుల కళాశాలలో చదివే మనకు ఆ మాటల బాధ వేరుగా చెప్పనక్కరలేదు. చివరి దశలో, 1891లో, యూదు ద్వేషాన్ని ఎదిరించడానికి వియన్నాలో ఏర్పడిన సంఘంలో ఆయన చేరాడు.

1894 ఫిబ్రవరి 6న ఆడ్రియాటిక్ తీరంలోని అబ్బాజియాలో మరణించాడు. 1881లో తొలగించిన ఆ జీర్ణాశయ భాగాన్ని వియన్నాలో భద్రపరచి ఉంచారు.